హాజరు పట్టీ లేని శనివారం

ఎస్టోనియాలోని మెత్సపె ఊళ్లో శనివారం అన్న మాటకు చెడ్డపేరు రావడంలో ఎల్వి పాలు కూడా కొంత ఉంది. సమష్టి వ్యవసాయ క్షేత్రం ఆఫీసులో ఆమె పంతొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేసింది. ఆ సోవియట్ రోజుల్లో ఏటా ఏప్రిల్ నెలలో ఒక శనివారం ఊరంతా స్వచ్ఛందంగా శ్రమదానానికి రావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చేది. ఉత్తర్వు ఇచ్చి మరీ స్వచ్ఛందం ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రోడ్డు పక్క చెత్త ఏరేవాళ్లు, పశువుల కొట్టాలకు సున్నం కొట్టేవాళ్లు, ఎర్రజెండాల కింద నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. ఎల్వి పని హాజరు పట్టీ. వచ్చినవాళ్ల పేరుకు ఎదురుగా టిక్కు, రానివాళ్ల పేరుకు ఎదురుగా సున్నా. ఆ సున్నాలు ఎక్కడికి వెళ్తాయో, వెళ్లి ఏం చేస్తాయో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

1978లో ఆమె హిల్యా పేరుకు ఎదురుగా సున్నా చుట్టింది. హిల్యా డెయిరీలో ఆవుల పాలు పితికే మనిషి. ఆ శనివారం ఆమె తల్లికి ఆయాసం ఎక్కువై పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆ సంగతి ఎల్వికి తెలుసు. తెలిసే సున్నా చుట్టింది. దాంతో కొత్త ఇళ్లు ఇచ్చే వరుసలో హిల్యా పేరు కిందికి జారిపోయింది. నాలుగేళ్లపాటు అత్తగారింట్లో ఒకే ఒక గదిలో, పసిబిడ్డతో, తడిబట్టలు తలపైన తాడు కట్టి ఆరేసుకుంటూ కాపురం చేసింది. ఆ తర్వాత కూడా హిల్యా ఎల్విని తిట్టలేదు, చూసి మొహం తిప్పుకోలేదు. ఎదురుపడితే "బాగున్నావా" అనేది, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయేది. తిట్టినా బాగుండునని ఎల్వికి చాలాసార్లు అనిపించింది.

1991లో ఎస్టోనియాకు స్వాతంత్ర్యం తిరిగొచ్చింది. ఏడాది తిరిగేసరికి సమష్టి క్షేత్రం ముక్కలైంది. భూములు పాత యజమానుల వారసులకు వెళ్లాయి, ఆవులు తలా కొన్ని పంచుకున్నారు. క్షేత్రానికి ఉన్న ఒక్క ఫైరింజను ఎవరి వాటాకు వచ్చిందో, ఎటు పోయిందో ఎవరికీ అంతుబట్టలేదు. ఆఫీసు మూతపడ్డాక ఎల్వి ఇంట్లో కూర్చుని ఊలు దుస్తులు అల్లుతూ రోజులు నెట్టుకొచ్చింది.

1993 మార్చిలో ఒక సాయంత్రం మీలి అవ్వ ఇల్లు అంటుకుంది. పొగగొట్టంలోంచి రేగిన నిప్పురవ్వ రెల్లు కప్పు మీద పడింది. పక్కింటివాళ్లు అవ్వను చేతుల మీద బయటికి తెచ్చారు గాని, ఇల్లు మాత్రం అందరి కళ్లముందే కాలిపోయింది. నలభైమంది దాకా చేరారు. ఎల్వి కూడా బకెట్టు పట్టుకుని పరుగెత్తింది, పరుగెత్తి వెళ్లి అందరితోపాటు నిలబడిపోయింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చెప్పే మేనేజరు లేడు, పార్టీ కార్యదర్శి లేడు. పట్నం నుంచి ఫైరింజను గంట తర్వాత వచ్చింది. అప్పటికి నాలుగు గోడలు, మధ్యలో పొయ్యి మిగిలాయి. ఎల్వి ఇంటికొచ్చి చూసుకుంటే బకెట్టులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

వారం రోజులు ఆమెకు అన్నీ చేదుగా అనిపించాయి. ఎనిమిదో రోజున ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు మాటలు రాసి దుకాణం తలుపుకు అంటించింది. "శనివారం పొద్దున పదింటికి పాత పంపు షెడ్డు దగ్గర. మన మంటలు మనమే ఆర్పుకోవడం గురించి. ఇష్టమైనవాళ్లు రండి. ఎల్వి."

ఆ మర్నాడు రొట్టె కోసం వెళ్తే కాగితం ముందు నలుగురు నిలబడి నవ్వుకుంటున్నారు. వాళ్ల మధ్య ట్రాక్టర్ ఉర్మస్ ఉన్నాడు. తాతగారి భూమి ఇరవై హెక్టార్లు తిరిగొచ్చినప్పటినుంచి అతను కొంచెం ఛాతీ విరుచుకుని నడుస్తున్నాడు.

"ఏం ఎల్వీ, మళ్లీ శనివారాలు మొదలెట్టావా?" అన్నాడు ఉర్మస్. "రాకపోతే ఎవరికి చెప్తావు? మాస్కోకి ఫోన్ చేస్తావా?"

అందరూ ఘొల్లున నవ్వారు. ఎల్వి మొహం ఎర్రబడింది.

"ఎవరికీ చెప్పను. ఇష్టమైతేనే రమ్మన్నాను."

"అప్పుడూ ఇష్టమైతేనే రమ్మనేదానివిగా!" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, కొంచెం మెత్తగా అన్నాడు. "చూడూ, యాభై ఏళ్లు మనల్ని తోలారు. ఇప్పుడు నన్ను రమ్మనే హక్కు ఎవడికీ లేదు. స్వాతంత్ర్యమంటే నా లెక్కలో శనివారం పది గంటలదాకా పడుకోవడం."

శనివారం ఎల్వి తొమ్మిదిన్నరకే షెడ్డు తాళం తీసింది. క్షేత్రం రోజుల్లో దాన్ని ఎరువుల గోదాముగా వాడారు. గడ్డకట్టిన బస్తాలు నడుమెత్తు పేరుకుని ఉన్నాయి. వాటి వెనక, ఇనుప చక్రాల మీద, యుద్ధానికి ముందు కాలంనాటి చేతిపంపు ఉంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడి కాడి ఎత్తి దించితే నీళ్లు చిమ్మే రకం.

పదింటికి ఆర్వెద్ తాత వచ్చాడు. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. ఆ పంపు మీద పనిచేసినవాళ్లలో ప్రాణాలతో మిగిలింది ఆయన ఒక్కడే. పంపు చుట్టూ ఒకసారి తిరిగి, తుప్పు గోకి, "బతికే ఉంది," అన్నాడు.

పదీ పదికి హిల్యా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నోటుబుక్కు తెచ్చావేమో చూద్దామని వచ్చాను," అంది హిల్యా.

తెచ్చింది. ఎవరెవరి ఇంట్లో ఏ పనిముట్లున్నాయో రాసుకుందామని తెచ్చింది, అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. కానీ అది గళ్లు గీసిన పాత ఆఫీసు నోటుబుక్కే. ఎల్వి దాన్ని కోటు జేబులోంచి తీసి, ఇంట్లో పొయ్యి రాజేసుకొమ్మని ఆర్వెద్ తాత చేతికిచ్చింది.

"హిల్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది.

"ఇప్పుడు కాదు," అంది హిల్యా చేతులకు గుడ్డ చుట్టుకుంటూ. "ముందు ఆ బస్తా అవతలి కొస పట్టుకో."

మధ్యాహ్నానికి కరెంటు పనిచేసే ఐవర్ కూడా వచ్చాడు. ముప్ఫై దాటని కుర్రవాడు, మీలి అవ్వకు దూరపు మనవడు. నలుగురూ సాయంత్రం దాకా బస్తాలు మోశారు. ఎల్వి ఇంటినుంచి బఠానీ సూప్ తెచ్చింది, పొగపెట్టిన పంది ఎముక వేసి వండినది. పదిహేనుమందికి సరిపడా వండింది కనుక మిగిలింది మూడు రోజులు తింది.

తర్వాతి శనివారం ముగ్గురే. ఐవర్ పెళ్లికి వెళ్లాడు. ఎండి బిరుసెక్కిన పంపు తోలు వాషర్ల స్థానంలో పెట్టడానికి ఆర్వెద్ తాత పాత బూటు పైభాగం కోసి కొత్తవి చేస్తున్నాడు. కాడి లాగడానికి మాత్రం నలుగురు కావాలి, ముగ్గురితో అయ్యే పని కాదు. ఎల్వికి నిస్పృహ కమ్మింది. సోమవారం పంచాయతీ పెద్ద దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆయన మంచివాడే. కాస్త ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. వచ్చినవాళ్ల పేర్లు రాసి ఇస్తే, పంచాయతీ అడవిలో కట్టెలు కొట్టుకునే అనుమతి వాళ్లకు ముందు, రానివాళ్లకు చివర.

ఎల్వి సైకిలు మీద ఈల వేసుకుంటూ వచ్చింది. మిగిలిన పని ముగించడానికి ఆర్వెద్ తాత, హిల్యా షెడ్డులోనే ఉన్నారు. ఆ మాట చెప్పగానే ఆర్వెద్ తాత సూది పక్కన పెట్టి, కళ్లజోడు తీసి మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఇకనుంచి నేను రాను."

"అదేంటి తాతా! మనుషులు వస్తారు కదా?"

"వస్తారు. వచ్చి పార మీద గడ్డం ఆనించి నిలబడతారు, నువ్వెటు చూస్తే అటు మట్టి తోస్తారు. నువ్వు చూడలేదా పంతొమ్మిదేళ్లు?" గొంతు పెంచలేదాయన. "నా ఇరవయ్యో ఏట ఈ పంపు దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాణ్ని. ఎందుకంటావు? రాకపోయినా నన్నెవడూ ఏమీ అనడు కాబట్టి. రానక్కర్లేని చోటికి వచ్చినవాడే మంట ముందు నిలబడతాడు పిల్లా."

ఎల్వికి కోపం వచ్చింది. ఇల్లు కాలాక నీ మాటలేం చేసుకుంటామని అడిగింది. హిల్యా వైపు చూసింది. హిల్యా బ్రష్షుతో పంపు కాడికి రంగు వేస్తూ, తల ఎత్తకుండానే, "కట్టెలు చివర దొరికేది ఎవరికో తెలుసా? మంచంలో ఉన్న మనిషిని వదిలి రాలేనివాళ్లకి," అంది.

మర్నాడు ఎల్వి పంచాయతీ పెద్దకు వద్దని చెప్పి వచ్చింది. తర్వాత సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆఫీసులో ఉండగా ఆమె ఎన్నడూ ఎవరి గుమ్మం ఎక్కలేదు, కాగితం పంపితే సరిపోయేది. ఇప్పుడు కుక్కలు మొరిగే పెరళ్లలో నిలబడి, "మీకు వీలవుతుందా?" అని అడగడం నేర్చుకుంది. అంతకంటే కష్టమైనది, "వీలు కాదు" అంటే "సరే, మంచిది" అని నొచ్చుకోకుండా బయటికి రావడం. కొందరు కాఫీ ఇచ్చారు, కొందరు తలుపు సగమే తీశారు. ఒకావిడ రాలేనంది గాని, ఖాళీ బస్తాలు ఇరవై కట్టకట్టి ఇచ్చింది, తడిపి మంట మీద కొట్టడానికి.

ఉర్మస్ ఇంటికి వెళ్లేటప్పుడు ఆర్వెద్ తాత కూడా వెంట వచ్చాడు. ఉర్మస్ పొలం గట్టున, నిరుడు ఎండిపోయిన గడ్డిని చూస్తూ నిలబడి ఉన్నాడు. మంచు కరిగి వారం రోజులైంది. ఎటు చూసినా మోకాలెత్తు ఎండుగడ్డి.

"దీన్ని తగలబెట్టేటప్పుడు ఒక్కమాట చెప్పు, మేమొచ్చి పక్కన నిలబడతాం," అంది ఎల్వి.

"నా భూమి, నా గడ్డి, నా అగ్గిపెట్టె," అన్నాడు ఉర్మస్. "యాభై ఏళ్ల తర్వాత నాదని చెప్పుకునే గడ్డి. దానికి కూడా అనుమతి అడగాలా?"

"గాలి కూడా నీదేనా నాయనా?" అన్నాడు ఆర్వెద్ తాత.

ఉర్మస్ నవ్వేసి ట్రాక్టరెక్కాడు.

ఏప్రిల్ చివరికి వాళ్లు ఏడుగురయ్యారు. పంపు కాడి లాగితే నీళ్లు ఇంటి కప్పు ఎత్తుకు ఎగిరాయి. షెడ్డు ముందు రైలుపట్టా ముక్క ఒకటి గొలుసుతో వేలాడదీశారు. దాన్ని సుత్తితో కొడితే ఊరి అవతలికి వినబడుతుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆర్వెద్ తాత దాన్ని కొట్టాడు. ఎల్వి అల్లిక కింద పడేసి పరుగెత్తింది. సముద్రం వైపునుంచి గాలి గట్టిగా వీస్తోంది. ఉర్మస్ పొలాల మీద పసుపు పచ్చని పొగ నేలకు అంటుకుని పాకుతోంది. నిమిషాల్లో ఆరుగురు చేరారు. ఐవర్ తన పాత కారు వెనక పంపును తాడుతో కట్టాడు. కట్టి, స్టీరింగు ముందు కూర్చుని, కదలలేదు.

"పిన్నీ, మనల్ని చూసి దుకాణం ముందు పళ్లికిలించింది వీడే కదా? మా అవ్వ ఇల్లు కాలుతుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డదీ వీడే. కాస్త కాలనివ్వండి. బుద్ధొస్తుంది."

"ఆ రోజు నేనూ నిలబడ్డాను రా," అంది ఎల్వి కారెక్కుతూ. "వాడు రాలేదు, అది వాడి ఇష్టం. మనం వెళ్తున్నాం, ఇది మన ఇష్టం. పోనియ్యి."

ఐవర్ ఒక బూతుమాట అని కారు పోనిచ్చాడు.

వాళ్లు చేరేసరికి మంట గడ్డి దాటి జునిపెర్ పొదల్లో పడింది. ఆ పొదలు నూనె పోసినట్టు భగ్గుమంటున్నాయి, టపాకాయల్లా పేలుతున్నాయి. గడ్డివాము షెడ్డు అప్పటికే మండుతోంది. ఇరవై అడుగుల దూరంలో ఇల్లు, దాని మీద రెల్లు కప్పు. ఉర్మస్ భార్య మారె దుప్పట్లు, కుట్టుమిషను, గోడగడియారం బయటికి మోస్తోంది. ఉర్మస్ ఒంటిమీద కోటు తీసి దాంతోనే పిచ్చిగా మంటను బాదుతున్నాడు, కనుబొమ్మలు కాలిపోయాయి.

ఇద్దరు తడిబస్తాలతో గడ్డి వైపు పోయారు. మిగిలిన నలుగురూ బావిలో గొట్టం వేసి కాడి అందుకున్నారు. అటు ఆర్వెద్ తాత, హిల్యా. ఇటు ఐవర్, ఎల్వి. ఎత్తు, దించు, ఎత్తు, దించు. మారె చిమ్మే గొట్టం కొస పట్టుకుని కప్పు మీదికి నీళ్లు చిమ్మింది. పది నిమిషాలకు బావిలోని గొట్టం గరగరమంది. బావి అడుగంటింది.

అందరూ ఆగిపోయారు. మీలి అవ్వ ఇంటి ముందు ఉన్న మౌనం లాంటిది ఒక్క క్షణం వాళ్లమీద వాలింది. ఎల్వికి ఆ మౌనం బాగా గుర్తే. ఊపిరి తీసుకుని గట్టిగా అరిచింది.

"ఉర్మస్! నీ పేడనీళ్ల ట్యాంకు ఎక్కడుంది?"

"కొట్టం వెనక! కానీ దాంట్లో ఇంకా సగం..."

"ఉంటే ఉండనీ! ముందు దాన్ని తే! అదయ్యాక చెరువు నీళ్లు పట్టుకు రా. పరుగెత్తు!"

జీవితంలో ఎవడి మాటా విననని చెప్పుకు తిరిగే ఉర్మస్ కోటు పారేసి పరుగెత్తాడు. పొలానికి పేడనీళ్లు చిమ్మే ట్యాంకును వెనక లాక్కుంటూ ట్రాక్టరు ఉరుముతూ వచ్చింది. ట్యాంకు వెనక మూత తెరిచి అతను మొదటిసారి చిమ్మించినప్పుడు కప్పు, గోడలు, కిటికీలు, కింద నిలబడ్డ మనుషులు, అన్నీ నిరుటి పేడతో తడిసి ముద్దయ్యాయి. ఐవర్ దగ్గుతూ, కక్కుతూ, నవ్వుతూ మెలికలు తిరిగాడు. ఉర్మస్ చెరువుకు మూడుసార్లు తిరిగాడు. మూడో ట్యాంకుకు గాలి కాస్త తగ్గింది. పట్నం ఫైరింజను వచ్చేసరికి గడ్డివాము షెడ్డు బూడిదైంది, కప్పు ఒక మూల నల్లబడింది, ఇల్లు నిలిచింది.

తర్వాత అందరూ పెరట్లో నేలమీదే కూలబడ్డారు. మారె నల్లరొట్టె, ఉప్పుచేపలు, కాఫీ తెచ్చింది. ఒకరి వాసన ఒకరు భరించలేక ఎడంఎడంగా కూర్చుని తిన్నారు.

ఉర్మస్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "మీరెందుకొచ్చారు?" అన్నాడు చివరికి.

"నేనైతే రాకపోదును," అన్నాడు ఐవర్ నోటినిండా రొట్టెతో. "ఈ ముసలాళ్లు లాక్కొచ్చారు."

అందరూ నవ్వారు. ఉర్మస్ నవ్వలేదు. "నేను మీ శనివారాలకు రాను," అన్నాడు.

"సరే," అంది ఎల్వి.

"సరే అంటే?"

"సరే అంటే సరే."

ఆమె ఇంకేదో అంటుందని అతను చూశాడు. ఎల్వి కాఫీ తాగుతోంది. కాసేపటికి అతను లేచి, ట్రాక్టరు దాకా వెళ్లి, మళ్లీ వచ్చాడు.

"ట్యాంకు శుభ్రంగా కడిగి నీళ్లు నింపి ఉంచుతాను. ట్రాక్టరు తాళం కొట్టం తలుపు లోపల మేకుకు ఉంటుంది. ఎప్పుడు కావాలన్నా తీసుకెళ్లండి. నన్ను అడగనక్కర్లేదు." ట్రాక్టరు వైపు తిరుగుతూ, "ఇంకోసారి గడ్డి కాల్చేటప్పుడు చెబుతాను," అన్నాడు.

"కాల్చకుండా కొయ్యి నాయనా, కొడవలి నేనిస్తా," అన్నాడు ఆర్వెద్ తాత.

తిరుగుదారిలో హిల్యా, ఎల్వి కారెక్కలేదు. ఆ ఒళ్లతో ఎక్కొద్దని ఐవర్ బతిమాలాడు. కాలిన పొలం పక్కగా నడిచారు. సగం దారిలో హిల్యా ఆగింది.

"ఇప్పుడు చెప్పు," అంది.

ఎల్వికి వెంటనే అర్థమైంది. పదిహేనేళ్లుగా మనసులో తిప్పి తిప్పి అరగదీసిన వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "మీ అమ్మ ఆస్పత్రిలో ఉందని నాకు తెలుసు. టిక్కు పెట్టినా ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు. భయపడ్డాను. అందరి సున్నాలూ ఉత్తర్వు ప్రకారమే చుట్టాను, నీ సున్నా మాత్రం నేనే చుట్టాను. తప్పు చేశాను హిల్యా."

హిల్యా చలికి ఎర్రబడిన చేతులు చంకల్లో దాచుకుంది.

"విన్నాను," అంది. తర్వాత, "పద, మా ఇంట్లో ఆవిరి స్నానపు గది పొద్దున్నే వేడిచేసి పెట్టాను. ఈ కంపుతో నీ ఇంటికెళ్తే నీ పిల్లి కూడా పారిపోతుంది," అంది. ఇద్దరూ నడిచారు.

జూన్‌లో, అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న రన్నాలు అనే ఊరినుంచి బడి పంతులమ్మ ఒకావిడ వచ్చింది. మా ఊళ్లో కూడా ఇలాంటి దళం పెట్టుకోవాలనుంది, వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. ఎల్వి, హిల్యా సైకిళ్ల మీద వెళ్లారు. బడి గదిలో, పిల్లల బల్లల వెనక మోకాళ్లు ఇరికించుకుని పాతికమంది కూర్చున్నారు.

ఎల్వి లేచి నిలబడింది. "నా పేరు ఎల్వి. క్షేత్రం ఆఫీసులో శ్రమదానం హాజరు పట్టీ రాసిందాన్ని," అని ముందే చెప్పేసింది. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఆమె ఆగకుండా పంపు గురించి, బస్తాల గురించి, పేడ ట్యాంకు గురించి చెప్పింది. పేడ దగ్గర మాత్రం నవ్వులు లేచాయి.

వెనకనుంచి ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు. "పిలిచినా రానివాణ్ని మీరేం చేస్తారు?"

"ఏమీ చెయ్యం."

"వాడి ఇల్లు అంటుకుంటే?"

"వెళ్తాం."

"అది న్యాయమేనా మరి?"

హిల్యా కూర్చున్నచోటునుంచే, "కాదు. అయినా వెళ్తాం," అంది.

కిటికీ పక్కన కూర్చున్న ఒక యువతి, ఒళ్లో నిద్రపోతున్న పాపను భుజం మీదికి మార్చుకుంటూ, "మాకు పంపు లేదు, చెరువు కూడా దూరమే. మరి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?" అని అడిగింది.

"మీ ఊళ్లో జూలైలో కూడా ఎండని బావి ఏది?" అంది ఎల్వి.

"మాదే," అన్నాడు ఇందాకటి పెద్దమనిషి.

"మీదా! నిరుడు మా ఇంటికొచ్చి నీళ్లు మోసుకుపోలా?" అంది ముందు వరసలో ఒకావిడ.

"అది గిలక విరిగి!"

ఇంకో ఇద్దరు లేచారు. పంతులమ్మ నల్లబల్ల మీద ఊరి రోడ్డు గీసింది. ఒకడు ఆమె చేతిలో సుద్దముక్క లాక్కుని బావులు గుర్తుపెట్టడం మొదలెట్టాడు, తప్పని ఇంకొకడు చేత్తో చెరిపాడు. గదంతా సంతలా అయింది. ఎల్వి రెండుసార్లు వెళ్లొస్తామని చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. హిల్యా ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. పొద్దు ఇంకా చాలా ఉంది. ఇద్దరూ సైకిళ్లు తీసుకున్నారు.